ఐసీయూ తలుపు అమ్మానాన్నలకు మూయకండి

పిల్లల ఐసీయూలో ఉన్న బిడ్డ దగ్గర తల్లో తండ్రో రాత్రీపగలూ ఉండాలి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చూపించి పంపేస్తే చాలదు. మంచం పక్కన వాళ్ళకో కుర్చీ ఉండాలి, ఆ కుర్చీలో రాత్రి నడుం వాల్చే వీలుండాలి. నేను పిల్లల ఐసీయూలో నర్సును. తలుపు మూసి ఉంచే యూనిట్‌లో పనిచేశాను, తెరిచి ఉంచే యూనిట్‌లోనూ పనిచేశాను. రెండూ చూశాక ఈ విషయంలో నాకు మరో ఆలోచన లేదు.

తలుపు మూయడానికి మామూలుగా మూడు కారణాలు చెబుతారు. ఇన్‌ఫెక్షన్ వస్తుందంటారు, పనికి అడ్డమంటారు, చూసి తట్టుకోలేరంటారు. ఏళ్ళ తరబడి విని విని అవి నిజమేననుకుంటాం. తల్లిదండ్రులు కూడా అనుకుంటారు. మనం లోపలికెళ్తే బిడ్డకే చేటేమోనని భయపడి బయటే ఉండిపోతారు. అడిగే ధైర్యం ఉన్నవాళ్ళు కూడా ఆ భయంతో అడగరు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. బయట కూర్చున్నవాళ్ళకు దాన్ని ఎవరూ తీరిగ్గా చెప్పరు.

పిల్లలకు వేరే ఐసీయూ ఎందుకు, పెద్దవాళ్ళ ఐసీయూలోనే ఓ మంచం ఇస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. పెద్దవాళ్ళ గాలిదారి 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే పసిబిడ్డది 4 మిల్లీమీటర్లు. లోపలి పొర చుట్టూ ఒక్క మిల్లీమీటరు మేర వాచిందనుకోండి. పెద్దవాళ్ళకు దారి 44 శాతం తగ్గుతుంది. ఇబ్బంది పడతారు గానీ తట్టుకుంటారు. పసిబిడ్డకు అదే వాపుతో దారి 75 శాతం మూసుకుపోతుంది, గాలికి ఎదురయ్యే అడ్డు 16 రెట్లవుతుంది. బిడ్డ డొక్కలెగరేస్తుంది, ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వదిలినప్పుడల్లా చిన్నగా మూలుగుతుంది. గంటల తరబడి అలా కష్టపడి చివరికి అలిసిపోతుంది. అలిసిపోయిన బిడ్డ ఊపిరి నెమ్మదిస్తుంది. ఆయాసం తగ్గిందని ఇంట్లోవాళ్ళు కుదుటపడేది సరిగ్గా అప్పుడే, అసలు ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే.

రక్తం సంగతీ అంతే. పసిబిడ్డకు కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 5 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం కలిపి 400 మిల్లీలీటర్లు. పరీక్షలకని మేం తీసే రక్తాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. మందులన్నీ బరువును బట్టే ఇస్తాం. లెక్కలో దశాంశ చుక్క ఒక స్థానం అటూ ఇటూ అయితే డోసు 10 రెట్లు మారిపోతుంది. అందుకే ఒకరు లెక్కగట్టినదాన్ని ఇంకొకరు విడిగా మళ్ళీ లెక్కగట్టి చూశాకే సిరంజి పంపు నడుపుతాం.

మంచి చేస్తుందనుకున్నదే కీడు చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో ఐసీయూ సదుపాయం లేని ఆసుపత్రులకు తీవ్రమైన జ్వరంతో, షాక్ లక్షణాలతో (అంటే ఒంట్లో రక్తప్రసరణ చాలక) వచ్చిన 3,141 మంది పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం 2011లో బయటికొచ్చింది. షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ గబగబా ఎక్కించడమన్నది మా అందరి పాఠ్యపుస్తకాల్లో మొదటి పాఠం. అక్కడ అలా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపే పదిన్నర శాతం మంది చనిపోయారు. ఎక్కించని పిల్లల్లో చనిపోయింది 7.3 శాతం. అలాగని ఏ బిడ్డకూ సెలైన్ పెట్టకూడదని కాదు. ఇచ్చాక బిడ్డ పక్కనే ఉండి ఊపిరి ఎలా ఉంది, కాలేయం పెద్దదవుతోందా, కాళ్ళు వెచ్చబడ్డాయా అని చూసుకుంటూ, అవసరమైతే ఆపేస్తూ పోవాలి. మా పనిలో సగం ఇలా చూస్తూ ఉండడమే.

చూడ్డానికి మానిటర్ ఉంది కదా అంటారు. మానిటర్ లేకుండా నేను ఒక్క షిఫ్టు కూడా చేయలేను. కానీ చిన్నపిల్లల ఒళ్ళు చివరిదాకా బీపీని పడిపోనివ్వదు. గుండె వేగం పెంచుకుంటుంది, చేతులకూ కాళ్ళకూ వెళ్ళే రక్తాన్ని తగ్గించి గుండెకూ మెదడుకూ మళ్ళిస్తుంది. తెర మీద బీపీ పడిపోయేసరికే ఆలస్యమైపోతుంది. అంతకుముందే కనిపించేవి వేరే ఉంటాయి. పాదాలు చల్లబడతాయి, బిడ్డ ఊరికే చిరాకుపడుతుంది, తర్వాత మగతలోకి జారుతుంది, తెలిసిన ముఖం వైపు కూడా చూడదు. ఆ బిడ్డ మామూలుగా ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకే ఈ తేడా తెలుస్తుంది. ఆ పొద్దున్నే మొదటిసారి ఆ బిడ్డను చూసిన నాకు, ఎంత అనుభవం ఉన్నా, అంత తొందరగా తెలియదు.

తెరిచి ఉంచే యూనిట్‌లో ఉన్నప్పుడు ఏడాదిన్నర బాబు ఒకడుండేవాడు. న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉండి, ఆ మధ్యాహ్నమే ట్యూబ్ తీశాం. ఆక్సిజన్ పెట్టి ఉంది, రక్తంలో ఆక్సిజన్ 97 శాతమని తెర చూపిస్తోంది. నేను పక్క మంచం మీద పాపకు సక్షన్ చేస్తున్నాను, అంటే సన్నటి గొట్టంతో కఫం లాగుతున్నాను. సక్షన్ మోత, రెండు పంపుల అలారాలు. వాళ్ళమ్మ లేచొచ్చి, "సిస్టర్, వీడు గాలి లోపలికి లాగేటప్పుడు ఏదో కూత వస్తోంది. ఇందాక లేదు. వీడు నిద్రలో ఎప్పుడూ ఇలా చెయ్యడు" అంది. స్టెత్ పెడితే ఆమె చెప్పిందే నిజం. ట్యూబ్ రాపిడికి వాచిన గొంతు బిగుస్తోంది. పైన చెప్పిన ఒక మిల్లీమీటరు లెక్క ఇదే. డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చారు, అడ్రినలిన్ నెబ్యులైజేషన్ పెట్టాం, స్టెరాయిడ్ ఇచ్చాం. గంటలో కూత తగ్గింది, ట్యూబ్ మళ్ళీ వేయాల్సిన అవసరం రాలేదు. ఆ 97 అంకె మాత్రం మొదటినుంచీ కదల్లేదు. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు ఆ అంకె చాలాసేపటిదాకా పడదు. ఆమె బయట కుర్చీలో ఉండుంటే ఆ కూత నా చెవిన పడేసరికి ఎంతసేపయ్యేదో నేను చెప్పలేను.

తల్లి మాటను లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లండ్‌లో మార్తా మిల్స్ అనే అమ్మాయి కథ ఉంది. పదమూడేళ్ళ పిల్ల. సైకిల్ మీద నుంచి పడి క్లోమానికి దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఉండగానే సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినే ప్రమాదకర స్థితి, మొదలైంది. పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు. 2021లో ఆ అమ్మాయి చనిపోయింది. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. వాళ్ళమ్మ ఊరుకోలేదు. ఆమె పట్టుబట్టి పోరాడిన ఫలితంగా 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో మార్తా పేరుతో ఒక నియమం అమలవుతోంది. రోగి పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపిస్తే, చూస్తున్న డాక్టర్లను దాటి నేరుగా క్రిటికల్ కేర్ బృందాన్ని పిలిపించుకోవచ్చు, ఏ వేళలోనైనా. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అంతకుముందే ఇలాంటి నియమం ఉంది. ఇవి వచ్చాక తల్లిదండ్రులు ఊరికే పిలిచి విసిగిస్తారని భయపడ్డవాళ్ళున్నారు. నా అనుభవంలో మాత్రం తల్లులు పిలవడానికి వెనకాడేదే ఎక్కువ. సిస్టర్ ఏమనుకుంటుందోనని పది నిమిషాలు ఆగి, అప్పుడు పిలుస్తారు.

అసలు ఐసీయూ పుట్టిందే మంచం పక్కన మనిషి కూర్చోవడంతో. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడ్డ మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. ఊపిరాడించే యంత్రాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ పన్నెండేళ్ళ పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, ట్యూబ్ పెట్టి, రబ్బరు సంచీ నొక్కుతూ చేత్తో ఊపిరి పోశాడు. ఆ పిల్ల బతికింది. మిగతావాళ్ళకూ అలాగే చేయాలంటే చేతులు కావాలి. వైద్య విద్యార్థులను పిలిచారు. దాదాపు 1,500 మంది వంతులవారీగా పిల్లల తల దగ్గర కూర్చుని, నెలల తరబడి రాత్రీపగలూ ఆ సంచీ నొక్కారు. అక్కణ్నుంచే ఇంటెన్సివ్ కేర్ అన్న ఏర్పాటు మొదలైంది. 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గోరాన్ హాగ్లుండ్ పిల్లలకోసం ప్రత్యేకంగా అలాంటి యూనిట్ పెట్టాడు. వెంటిలేటర్లు మెరుగయ్యాక సంచీ నొక్కే చేతులతో పని తీరిపోయింది. తల దగ్గర మనిషి ఉండాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంది.

అదే 1952లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్ తీసిన ఒక సినిమా బయటికొచ్చింది. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపను ఆయన కెమెరాతో చిత్రీకరించాడు. ఆ రోజుల్లో తల్లులను పిల్లల వార్డులో ఉండనిచ్చేవారు కాదు. అలా విడిగా ఉంచిన పిల్లల్లో ఆయన గమనించింది ఇది: మొదట ఏడుస్తారు, అమ్మ కావాలంటారు. తర్వాత దిగులుపడి మూలకు ఒదిగిపోతారు. ఆ తర్వాత ఏడుపు మానేస్తారు, అమ్మ వచ్చినా ముఖం తిప్పుకుంటారు. ఏడుపు మానేశాక వార్డులో వాళ్ళు 'అలవాటుపడింది' అనుకునేవారు. ఆయన చెప్పిందేమంటే, అలవాటుపడలేదు, ఆశ వదులుకుంది అని. చాలామంది డాక్టర్లకు అది నచ్చలేదు. కానీ 1959లో సర్ హ్యారీ ప్లాట్ కమిటీ, ఆసుపత్రిలో ఉన్న పిల్లలను తల్లిదండ్రులు ఎప్పుడైనా చూడొచ్చని, పసిపిల్లల దగ్గర తల్లులు ఉండే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. మామూలు వార్డులో తల్లి ఉండడం ఇవాళ ఎవరికీ వింతగా తోచదు. అదే బిడ్డకు జబ్బు ముదిరి, భయం పదింతలై ఐసీయూకి వచ్చినప్పుడు మాత్రం తల్లిని బయట ఉండమంటాం. ఇందులో న్యాయం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇన్‌ఫెక్షన్ మాటకొద్దాం. ఇదే అందరినీ నోరెత్తనివ్వని కారణం. ఐసీయూలో ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు క్రిములు ఎలా పాకుతాయి? ఎక్కువగా మా చేతుల మీదుగా. నేను ఒక షిఫ్టులో ఎంతోమంది పిల్లలను ముట్టుకుంటాను. డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, ఎక్స్‌రే తీసేవాళ్ళు మంచం మంచం తిరుగుతారు. తల్లి ముట్టుకునేది ఒక్క బిడ్డను. చేతులు కడుక్కోవడం నేర్పితే ఆమె మాకంటే జాగ్రత్తగా కడుక్కుంటుంది. మేం మరిచిపోతే గుర్తు చేస్తుంది కూడా.

దీనికి నికరమైన రుజువు నెలలు నిండని పిల్లల దగ్గర దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 1 నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పసికందులను రెండు జట్లుగా చూసింది. ఒక జట్టును మామూలు పద్ధతిలో ఇంక్యుబేటర్లో, వార్మర్ కింద ఉంచి, పరిస్థితి కుదుటపడ్డాకే తల్లి గుండెల మీదికి ఇచ్చారు. రెండో జట్టుకు మాత్రం పుట్టీ పుట్టగానే తల్లి ఒళ్ళే చోటు. అందుకోసం తల్లుల మంచాలను ఐసీయూ లోపలికే తెచ్చారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం 28 రోజుల్లోపు మరణాలు మామూలు జట్టులో 15.7 శాతం, తల్లి దగ్గరున్న జట్టులో 12 శాతం. సెప్సిస్ అనుమానం కూడా తల్లి దగ్గరున్న పిల్లల్లోనే తక్కువ. ఇంత స్పష్టమైన మేలు కనిపించేసరికి మిగతా పిల్లలను ఇంకా విడిగా ఉంచడం తగదని అధ్యయనాన్ని ముందే ఆపేశారు. క్రిములు తెస్తుందని మనం బయట నిలబెట్టిన మనిషి లోపలుంటే పిల్లలు ఎక్కువమంది బతికారు.

ట్యూబు మీదున్న నాలుగేళ్ళ పిల్లాణ్ని అలా గుండెలకు హత్తుకుని పడుకోబెట్టడం అన్నిసార్లూ కుదరదు. ఆ అంకెలు వాడికి యథాతథంగా వర్తిస్తాయని నేను అనను. జలుబో దగ్గో ఉన్న తల్లిదండ్రులు తగ్గేదాకా రాకూడదు. పెద్దవాళ్ళకు అది మామూలు జలుబే అయినా పసిబిడ్డ ఊపిరితిత్తులకు గండం. ఎముకమజ్జ మార్పిడి జరిగిన పిల్లల దగ్గర నియమాలు ఇంకా కఠినంగా ఉండాల్సిందే. ఇవి జాగ్రత్తలు. వీటిని సాకుగా చూపి అందరినీ బయట పెట్టడం కుదరదు.

చూసి తట్టుకోలేరన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ట్యూబులు, టేపులు, చేతికి కట్టిన చెక్కబద్ద, వాచిన కళ్ళు, ఇవన్నీ చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. కానీ చూడకపోతే ఊహించుకుంటారు, ఆ ఊహ ఇంకా భయంకరంగా ఉంటుంది. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ సంగతే తీసుకుందాం. ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ళ విషయంలో పరీక్షించి చూశారు. తమవాళ్ళకు సీపీఆర్ చేస్తుంటే చూస్తారా అని అడిగి, చూస్తామన్నవాళ్ళను ఉండనిచ్చారు. అలా అడగని కుటుంబాల్లోనే తర్వాత మానసిక ఆఘాత లక్షణాలు ఎక్కువ కనిపించాయి. చికిత్సకూ ఏ అడ్డమూ రాలేదు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి.

మా యూనిట్‌లో ఓ తండ్రి అలా ఉన్నాడు. పాప ఛాతీ మీద ఒకరి చేతులు, తల దగ్గర ఇంకొకరు, రెండు చేతులకూ సూదులు. ఆయనకు పట్టుకోవడానికి ఖాళీగా దొరికింది ఒక్క పాదమే. దాన్నే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఒక నర్సు ఆయన కోసమే నిలబడి, ఇప్పుడేం చేస్తున్నారో నెమ్మదిగా చెబుతూ ఉంది. పాప దక్కలేదు. ఎవరూ ఆయన దగ్గరికొచ్చి మేం అన్నీ చేశామని చెప్పాల్సిన పని పడలేదు, ఆయన చూశాడు. ఉండలేనని బయటికి వెళ్ళిపోయే తల్లిదండ్రులూ ఉంటారు. అది వాళ్ళ ఇష్టం. ఉండాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి, మేం కాదు.

పనికి అడ్డమన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. భయపడ్డ బిడ్డ ట్యూబు పీక్కుంటుంది, పీక్కోకుండా మత్తు పెంచుతాం, చేతులు కడతాం. మత్తు పెరిగితే వెంటిలేటర్ నుంచి దించడం ఆలస్యమవుతుంది. కొన్ని మత్తు మందులతో పిల్లలకు గందరగోళం పట్టుకుంటుంది, గోడ మీద లేనివి చూస్తారు, రాత్రికీ పగలుకీ తేడా తెలియదు. తల్లి చెయ్యి చేతిలో ఉంటే, ఆమె గొంతు వినిపిస్తే చాలాసార్లు ఆ అదనపు డోసు అవసరం పడదు. నాకు అది అడ్డం కాదు, సాయం.

నిజంగా నిలబడే అభ్యంతరాలు వేరే ఉన్నాయి. మంచానికీ మంచానికీ మధ్య చోటు ఉండదు. ఒకరి సంగతి డాక్టర్ చెబుతుంటే పక్కవాళ్ళు వింటారు. ఇద్దరు రావాల్సిన చోట పదిమంది వస్తారు. కోపంలో సిబ్బంది మీద చేయి చేసుకున్నవాళ్ళూ ఉన్నారు, నేను చూశాను. వీటికి తెరలు కావాలి, ఒకసారికి ఒక్కరే, మహా అయితే ఇద్దరన్న కచ్చితమైన నియమం కావాలి, తలుపు దగ్గర భద్రత కావాలి. ఇవేవీ అసాధ్యం కావు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. తలుపు తెరిచిన చోట తల్లి చేత పని చేయించుకోవడం మొదలవుతుంది. వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఒక నర్సు ఉండాల్సిన చోట ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకే నర్సును పెట్టి, తల్లి ఉంది కదా చూసుకుంటుందని అంటే నేను ఒప్పుకోను. ఆమె చేత సక్షన్ చేయించకూడదు. అలారం మోగితే ఆమె లేచి చూడాల్సిన పరిస్థితి రాకూడదు. నిద్రలేక, తిండి సహించక కూర్చున్న మనిషి ఆమె. ఆమె అక్కడ ఉండేది తల్లిగానే. నర్సుల సంఖ్య తగ్గించుకోవడానికి తలుపు తెరిచే యాజమాన్యం తలుపు మూసేవాళ్ళ కంటే ఏమీ మెరుగు కాదు. ఇంకో మాట. ఇంటి దగ్గర ఇంకో పసిబిడ్డ ఉండో, పనికి వెళ్ళక తప్పకో, ఒంట్లో ఓపిక లేకో ఉండలేని తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ళను 'బిడ్డను వదిలేసి పోయారు' అనేవాళ్ళను నేను అక్కడికక్కడే ఆపేస్తాను.

ఇప్పుడు ఏ ఐసీయూ బయటో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళ కోసం కొంత చెబుతాను. ఈ షిఫ్టులో మీ బిడ్డను చూస్తున్న నర్సు పేరు అడగండి. డాక్టర్ల రౌండ్స్ ఎప్పుడో అడిగి, ఆ సమయంలో లోపల ఉండనివ్వమనండి. కుదరదంటే కారణం చెప్పమనండి, ఎవరు ఒప్పుకోవాలో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీ బిడ్డను ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో, ఎలా పడుకుంటేనే నిద్రపడుతుందో, దేనికి భయమో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మంచానికి అంటిస్తాం, రాత్రి షిఫ్టువాళ్ళు కూడా చదువుతారు. ట్యూబులున్నా ఎక్కడ ముట్టుకోవచ్చో అడగండి, చూపిస్తాం. మత్తులో ఉన్నా మాట్లాడండి. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా తేడాగా అనిపిస్తే 'ఎందుకో భయంగా ఉంది' అని ఆగిపోకుండా, ఇందాక ఎలా ఉంది, ఇప్పుడు ఏం మారింది అని చెప్పండి. మాట పెగలకపోతే భయంగా ఉందని మాత్రమే అన్నా సరే, పిలవండి. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాకపోతే మూడోసారి గట్టిగా పిలవండి. ఎవరేమనుకుంటారోనని ఆగకండి.